స్టాప్‌వాచ్ లేకుండా చేతిపనికి టైము కట్టడం: ఎంటీఎం-2తో పచ్చడి సీసాల ప్యాకింగు లెక్క

గంటకి ఎన్ని పెట్టెలు కట్టొచ్చు అని తేల్చడానికి మామూలుగా చేసేది పక్కన స్టాప్‌వాచ్‌తో నిలబడటం. రేటు దాన్నిబట్టే కడతారని పనివాళ్లకి తెలుసు కాబట్టి వాచీ కనబడగానే చేయి నెమ్మదిస్తుంది. అప్పుడు చూసే ఇంజినీరు "ఈమె మామూలు వేగంలో 80 శాతమే చేస్తోంది" అని ఒక అంచనా వేసి లెక్క సరిచేస్తాడు. గొడవంతా ఆ 80 దగ్గరే మొదలవుతుంది.

రెండో దారి పీఎంటీఎస్ (ప్రీడిటర్మిన్డ్ మోషన్ టైమ్ సిస్టమ్), అంటే కదలికలకి ముందే టైము కట్టి ఉంచిన పద్ధతి. పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కో కదలికకి ముందే కట్టి ఉంచిన కాలాన్ని పట్టికలోంచి తీసి కూడతారు. ఇందులో వేగం అంచనా ఉండదు. ఆ పట్టికలోని అంకెలే సగటు నైపుణ్యం ఉన్న మనిషి మామూలు వేగానికి కట్టినవి. దానికి బదులు ఇంకో భారం నెత్తిన పడుతుంది: చేయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఎంత దూరం వెళ్లింది, చివర్లో ఎన్నిసార్లు సవరించుకుంది అన్నది తప్పు లేకుండా రాయాలి. పద్ధతి తప్పుగా రాస్తే పట్టిక ఎంత కచ్చితమైనదైనా తప్పు జవాబే ఇస్తుంది.

ఏ పద్ధతి తీసుకోవాలి

ఇలాంటి పద్ధతుల్లో ఎక్కువగా వాడేది ఎంటీఎం (మెథడ్స్-టైమ్ మెజర్‌మెంట్). మేనార్డ్, స్టెగెమెర్టెన్, ష్వాబ్ కలిసి పనిని సినిమా తీసి, ఫ్రేములు లెక్కపెట్టి తయారు చేసిన ఈ పద్ధతిని 1948లో ప్రచురించారు. దాని కొలమానం టీఎంయూ, అంటే గంటలో లక్షో వంతు, 0.036 సెకను. నిమిషానికి సుమారు 1,667 టీఎంయూలు. మొదటి రూపమైన ఎంటీఎం-1లో చేయి చాచడం, పట్టుకోవడం, కదపడం, అమర్చడం, వదలడం అన్నీ వేర్వేరు. కొన్ని సెకన్లలో ముగిసి రోజుకి వేలసార్లు తిరిగే పనికి అదే సరైనది. కాకపోతే ఒక్క నిమిషం పనిని విశ్లేషించడానికి గంటలకి గంటలు పడుతుంది.

1965లో వచ్చిన ఎంటీఎం-2 ఆ కదలికల్ని గుత్తులుగా కలిపింది. చాచడం, పట్టుకోవడం, వదలడం కలిస్తే 'గెట్'. కదపడం, అమర్చడం కలిస్తే 'పుట్'. చేతిపని భాగం 1,600 టీఎంయూలకి, అంటే సుమారు ఒక నిమిషానికి తక్కువ ఉన్న పనికి దీన్ని వాడకపోవడం మంచిది. అంత చిన్న పనిలో గుత్తి విలువల తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు.

ఇదే తరహా మిగతా పద్ధతుల గురించి రెండు మాటలు. బేసిక్ మోస్ట్ అనేదాన్ని ఇంకా వేగంగా రాయొచ్చు, కానీ అంకెలు మోటువి. సీసాని తీసి అరలో పెట్టడాన్ని 'వదులుగా దిగింది' అనుకుంటే 40 టీఎంయూ, 'సవరించి పెట్టింది' అనుకుంటే 60. మధ్యలో మెట్టు లేదు. మొడాప్ట్స్ అనే ఇంకో పద్ధతిలో కొలమానం మాడ్, ఒక మాడ్ 0.129 సెకను, గుర్తుపెట్టుకోవడం తేలిక. బట్టల ఫ్యాక్టరీల్లో ఎస్ఎంవీ (ఒక పనికి కట్టిన ప్రామాణిక నిమిషాలు) పేరుతో తిరిగే అంకెలు చాలావరకు ఎంటీఎం కుటుంబానికే చెందిన కుట్టు పద్ధతులతో కట్టినవి. ఈ మార్గదర్శిలో ఎంటీఎం-2నే వాడుతున్నాం.

ఉదాహరణ పని ఇది: విదేశాలకి వెళ్లే పచ్చడి సీసాలు, అరకిలోవి పన్నెండు, ఒక అట్టపెట్టెలో. ప్రతి సీసాకి ఫోమ్ నెట్ తొడుగు, పెట్టె లోపల అరలు, అడుగునా పైనా టేపు, ఒక కరపత్రం, ఒక లేబులు, ఆపైన ప్యాలెట్ మీదకి ఎత్తడం. కొలతలు ఉదాహరణకి తీసుకున్న బల్లవి. మీ బల్ల దగ్గర టేపు పెట్టి కొలుచుకోండి.

మొదటి అడుగు: పద్ధతిని ముందు స్థిరపరచండి

పట్టిక తెరవడానికి ముందే తేలాల్సినవి ఉన్నాయి. విడి పెట్టెల దొంతర ఎడమవైపు 45 సెంటీమీటర్లకి అవతల. సీసాలు ఎదురుగా 40 సెంటీమీటర్ల దూరంలో. నెట్ తొడుగులు కుడివైపు 30 లోపు. టేపు గన్ 45 లోపు. ప్యాలెట్ రెండడుగులు నడిచేంత దూరంలో నేల మీద. ఇవన్నీ ఒక కాగితం మీద బొమ్మగా గీసి, దూరాలు వేసి, తేదీ రాసి పెట్టండి. రేపు ఎవరైనా ప్యాలెట్‌ని గోడవారకి జరిపితే ఈ టైము చెల్లదని చూపించడానికి ఆ కాగితమే ఆధారం.

పని బాగా తెలిసిన ఇద్దరు ముగ్గురిని ఫోన్లో వీడియో తీయండి. కెమెరా పక్కనుంచి కాకుండా కొంచెం పైనుంచి, రెండు చేతులూ కనబడేలా ఉండాలి. ఎందుకు తీస్తున్నారో ముందే చెప్పి, ఒప్పుకున్నాకే తీయండి. వేగం కొలవడానికి కాదు, వరుస చూడటానికి అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఇద్దరు వేర్వేరు వరుసల్లో చేస్తుంటే ఏది ప్రామాణికమో నిర్ణయించి, అందరికీ అదే నేర్పాలి. రెండు పద్ధతుల సగటుకి టైము కట్టకండి. ఆ సగటు పద్ధతిలో ఎవరూ పని చేయరు.

రెండో అడుగు: పట్టిక

దూరాలకి ఐదు మెట్లున్నాయి. మెట్టు పేరు దాని పై హద్దు. '80' అంటే 45 దాటిన ప్రతిదీ. 'జీ' అంటే గెట్, 'పీ' అంటే పుట్; వాటి పక్కనున్న ఏ, బీ, సీల సంగతి మూడో అడుగులో. జీబీ45 లాంటి సంకేతంలో చివరి అంకె దూరం మెట్టు. విలువలన్నీ టీఎంయూల్లో.

| సెం.మీ. | జీఏ | జీబీ | జీసీ | పీఏ | పీబీ | పీసీ |
|---|---|---|---|---|---|---|
| 5 | 3 | 7 | 14 | 3 | 10 | 21 |
| 15 | 6 | 10 | 19 | 6 | 15 | 26 |
| 30 | 9 | 14 | 23 | 11 | 19 | 30 |
| 45 | 13 | 18 | 27 | 15 | 24 | 36 |
| 80 | 17 | 23 | 32 | 20 | 30 | 41 |

దూరంతో పనిలేనివి: నొక్కడం 14, వేళ్లలో పట్టు మార్చుకోవడం 6, కంటి పని 7, హ్యాండిల్ ఒక చుట్టు తిప్పడం 15, నడకలో ఒక అడుగు 18, పాదంతో పెడల్ తొక్కడం 9, వంగి లేవడం 61. బరువుకి: గెట్‌లో కిలోకి 1, పుట్‌లో ప్రతి 5 కిలోలకి 1. ఒక్కో చేతి మీద పడే బరువు 2 కిలోలు దాటితేనే ఇవి వేస్తారు.

దూరం కొలవడంలో చాలామంది తప్పేది రెండు చోట్ల. చేయి గాలిలో వంపు తిరుగుతూ వెళ్తుంది, కొలవాల్సింది ఆ వంపునే. స్కేలు పెట్టినట్టు నేరుగా కాదు. కొలిచే బిందువు చూపుడువేలి మొదట్లోని కణుపు. వేళ్లు మాత్రమే కదిలితే వేలికొన. రెండోది, నడుము తిప్పి చాచినప్పుడు శరీరం మోసిన దూరాన్ని చేతి దూరంలోంచి తీసేయాలి.

మూడో అడుగు: ఏ, బీ, సీ తేల్చడం

పనిలో అసలు కష్టం ఇక్కడే. దూరం ఒక మెట్టు తప్పితే మూడు నుంచి ఆరు టీఎంయూలు పోతాయి. అక్షరం తప్పితే పన్నెండు దాకా పోతాయి.

గెట్‌కి ప్రశ్న: పట్టు కోసం వేళ్లు ఎన్నిసార్లు కదిలాయి? అసలు మూసుకోనే లేదు, అరచేత్తో ఆనించి తోశారంటే జీఏ. వేళ్లు ఒక్కసారి మూసుకున్నాయి, పట్టు దొరికిందంటే జీబీ. సీసా మూత పట్టుకోవడం ఇదే. ఒకటికి మించి కదిలాయంటే జీసీ. దొంతరలోంచి పై అట్ట ఒక్కటే విడదీయడం, కుప్పలోంచి ఒక్క నెట్ తొడుగు లాగడం, కాగితాల కట్టలోంచి ఒక్క కరపత్రం తీయడం ఇలాంటివి.

పుట్‌కి ప్రశ్న: గమ్యం దగ్గర ఎన్ని సవరింపులు జరిగాయి? సవరింపు అంటే చేయి అక్కడికి చేరాక అనుకోకుండా ఆగడం, తడబడటం, దిశ మార్చుకోవడం. ఒక్కటీ లేకపోతే పీఏ. ఒకటే అయితే పీబీ. అంతకు మించితే పీసీ. కావాలని చేసిన చిన్న కదలికని సవరింపుగా లెక్కేయకండి. అది విడిగా ఇంకో పుట్.

ఇంకో నిబంధన ఉంది. కొత్తవాళ్లు తరచూ వదిలేసేది ఇదే. సవరించుకున్నాక వస్తువు లోపలికి దిగే లోతు 2.5 సెంటీమీటర్లు దాటితే దానికి మరో పుట్ వేయాలి. సీసా అర అంచు దగ్గర సర్దుకుని, అక్కడి నుంచి పది పన్నెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. కాబట్టి పీబీ30 తర్వాత పీఏ15 తప్పనిసరి. ఒక్క సీసాకి 6 టీఎంయూలే అయినా పెట్టెకి 72.

అనుమానం వస్తే వీడియోని నెమ్మదిగా తిప్పి పది సీసాలు చూడండి. ఏడింటికి ఒకే సవరింపు, మూడింటికి రెండు కనిపిస్తే పద్ధతి పీబీ. ఆ మూడు ఎందుకలా అయ్యాయన్నది వేరే ప్రశ్న, బహుశా అరలు సరిగ్గా తెరుచుకోకపోవడం.

నాలుగో అడుగు: రెండు చేతులు

రెండు చేతులూ ఒకేసారి పనిచేస్తే ఎక్కువ టైము పట్టిన కదలికకే విలువ, రెండోది అందులో కలిసిపోతుంది. విశ్లేషణ కాగితం మీద ఎడమ చేయి ఒకవైపు, కుడి చేయి ఒకవైపు, మధ్యలో టీఎంయూ రాసేది ఇందుకే. కలిసిపోయిన కదలికని కొట్టేసి చూపండి, చెరిపేయకండి.

అయితే అన్ని జంటలూ ఒకేసారి కుదరవు. పీసీతో పీసీ కుదరదు. ఒక చేయి ముగించాక రెండో చేతికి అదే పీసీ 5 సెంటీమీటర్ల విలువలో, అంటే ఇంకో 21, కలపాలి. జీసీతో జీసీ అయినా అంతే, ఇంకో 14. పీబీతో పీబీ కుదరాలంటే రెండు గమ్యాలూ ఒకే చూపులో పడాలి. కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో సుమారు 10 సెంటీమీటర్ల వ్యాసమున్న వృత్తం ఆ చూపు పరిధి. మన ఉదాహరణలో ఎడమ చేయి సీసాని అరలో పెడుతుండగానే కుడి చేయి తర్వాతి నెట్ తీసుకుంటుంది కదా, కలిపేద్దాం అనిపిస్తుంది. కలపకూడదు. అర ఒకచోట, నెట్ కుప్ప ఇంకోచోట, రెండింటికీ కళ్లు కావాలి. ఎడమ చేయి సీసా అందుకునేటప్పుడు మాత్రం కుడి చేయి నెట్ తీయొచ్చు, ఎందుకంటే సీసా మూత పట్టుకోవడం జీబీ, చూడకుండానే అయిపోతుంది.

ఐదో అడుగు: రాయడం

| పని | సంకేతాలు | టీఎంయూ |
|---|---|---|
| విడి పెట్టె తీసి తెరవడం | జీసీ80, పీఏ80, జీబీ15, పీఏ30 | 73 |
| అడుగు రెక్కలు మడవడం | జీఏ15, పీఏ15, జీఏ30, పీఏ30 | 32 |
| అడుగున టేపు | జీబీ45, పీబీ45, నొక్కడం, పీఏ80, పీఏ5, నొక్కడం, పీఏ45 | 108 |
| పెట్టె తిరగేయడం | జీబీ30, పీఏ45 | 29 |
| అరలు తెరిచి దించడం | జీబీ45, పీఏ45, జీబీ15, పీఏ15, పీసీ30, పీఏ15 | 85 |
| సీసాలు, 12 సార్లు | కింద వివరంగా, ఒక్కోటి 97 | 1,164 |
| కరపత్రం | జీసీ30, పీఏ30 | 34 |
| పై రెక్కలు | అడుగు రెక్కల్లాగే | 32 |
| పైన టేపు | అడుగు టేపులాగే | 108 |
| లేబులు | జీసీ30, పీఏ15, పీబీ30, పీఏ15 | 54 |
| ప్యాలెట్ మీదకి | జీబీ30, బరువు 5, రెండడుగులు, వంగడం, పీబీ30, బరువు 1, రెండడుగులు | 172 |
| మొత్తం | | 1,891 |

సీసా వరస ఇది. ఎడమ చేయి జీబీ45తో సీసా మూత పట్టుకుంటుంది, 18. అదే సమయంలో కుడి చేయి జీసీ30తో ఒక నెట్ తీస్తుంది, 23. పెద్దది 23, దాన్నే తీసుకోవాలి. రెండింటినీ ముందుకి తేవడం పీఏ30, 11. నెట్ నోరు వేళ్లతో విప్పడం పట్టు మార్పు, 6. సీసా అడుగుకి తొడగడం పీసీ15, 26. నెట్ మెత్తగా ముడుచుకుపోతుంది కాబట్టి రెండు మూడు సవరింపులు మామూలే. పైకి లాగడం పీఏ15, 6. అరలోకి పీబీ30, 19. కిందికి దించడం పీఏ15, 6. మొత్తం 97.

టేపు దగ్గర ఒక మాట. గన్‌ని అట్ట మీద పెట్టేటప్పుడు టేపు కొస అతుక్కోవడానికి ఒకసారి, చివర పళ్లతో తెంచడానికి ఒకసారి నొక్కడం వేశాం. ఈ రెండు 14లు కాగితం మీద చిన్నవిగా కనిపిస్తాయి కానీ వదిలేస్తే పెట్టెకి 56 పోతాయి. గన్‌లో బ్రేక్ బిగువుగా ఉండి టేపు లాగలేక లాగాల్సి వస్తే దాన్ని పట్టికలో ఇరికించకండి, ముందు బ్రేక్ వదులు చేయండి.

నిండిన పెట్టె సుమారు పది కిలోలు, రెండు చేతుల మీద ఐదేసి. అందుకే గెట్‌కి 5, పుట్‌కి 1. వంగడం 61 ప్రతి పెట్టెకీ వేశాం, ఎందుకంటే గాజు కాబట్టి ప్యాలెట్ మీద మూడు వరుసలకి మించి పేర్చడం లేదు, మూడో వరుసకి కూడా చేతులు మోకాలి దాకా దిగుతాయి. ఐదారు వరుసలు పేర్చే చోట కింది వరుసలకే వేసి, పెట్టెల సంఖ్యతో పంచాలి.

ఆరో అడుగు: అప్పుడప్పుడు వచ్చేవి

48 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మీటర్ల టేపు రోలు తీసుకుందాం. పెట్టెకి రెండు వైపులా కలిపి 1.15 మీటర్లు పోతే ఒక రోలు 56 పెట్టెలకి వస్తుంది. రోలు మార్చడాన్ని విడిగా విశ్లేషిస్తే 1,120 టీఎంయూ వచ్చిందనుకోండి, పెట్టెకి 20. రెండు వందల నెట్ల కట్ట విప్పి బల్ల మీద పోయడం 500 అయితే, పన్నెండు నెట్లకి 30. పాతిక పెట్టెల కట్టకి తాడు కోసి దొంతర పెట్టడం 500 అయితే పెట్టెకి 20. కలిపి 70. ఇప్పుడు 1,961 టీఎంయూ, అంటే 1.177 నిమిషాలు.

కోత కోసే యంత్రం, ష్రింక్ టన్నెల్, వేడి సీలు లాంటివి మీ లైన్లో ఉంటే వాటి టైముకి ఎంటీఎం పనికిరాదు. యంత్రం టైము వాచీతోనే కొలవాలి. మనిషి ఆ సమయంలో ఖాళీగా ఉన్నాడా, ఇంకో పని చేస్తున్నాడా అన్నది విడిగా రాయాలి.

ఏడో అడుగు: విశ్రాంతి కలపడం

ఎంటీఎం అంకెల్లో నీళ్లు తాగడం, వాష్‌రూమ్, అలసట ఏవీ లేవు. వర్క్ స్టడీలో ఎక్కువగా వాడే పట్టిక ప్రకారం ఆడవాళ్లకి వ్యక్తిగత అవసరాలకి 7 శాతం, మూల అలసటకి 4, నిలబడి చేసే పనికి 4, మొత్తం 15. ఈ బల్లల దగ్గర పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. మగవాళ్లకి ఆ అంకెలు 5, 4, 2. ఒకే బల్ల దగ్గర ఇద్దరికీ రెండు టైములు పెట్టడం ఆచరణలో గొడవ, ఎక్కువదాన్నే అందరికీ పెట్టడం మంచిది. మే నెలలో రేకుల షెడ్డు కింద పని అయితే వేడికి ఇంకొంత కలపాలి. దాన్ని అక్కడి పరిస్థితి చూసి నిర్ణయించాలే తప్ప ఏడాది పొడుగునా ఒకే శాతం పెట్టేయకూడదు.

1.177 నిమిషాలకి 15 శాతం కలిపితే 1.35 నిమిషాలు. గంటకి 44 పెట్టెలు. అరగంట భోజనం తీసేసిన 450 నిమిషాల షిఫ్టులో సుమారు 332.

టేపు మార్పుని ఆరో అడుగులో కలిపాక మళ్లీ 'అనుకోని అంతరాయాలకి 3 శాతం' అంటూ అందులోకీ దాన్నే తేవడం మామూలుగా జరిగే పొరపాటు. అంతరాయాల శాతం పెడితే అందులో ఏమేమి ఉన్నాయో పేరుపేరునా రాయండి.

వేగం అంచనా మళ్లీ కలపడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఎంటీఎం 100 అంటేనే మామూలు వేగం. అయితే మీ ఫ్యాక్టరీలో ప్రోత్సాహక బోనసు బ్రిటిష్ 0–100 కొలబద్ద (అందులో 100 అంటే ప్రోత్సాహకంతో చురుగ్గా చేసే వేగం) మీద ఉంటే, ఎంటీఎం 100 అక్కడ సుమారు 83కి సమానం. ఆ కొలబద్దలో ప్రామాణిక టైము కావాలంటే ఎంటీఎం టైముని 0.83తో గుణించాలి. ఈ మార్పిడి మర్చిపోయిన చోట బోనసు ఊరికే వచ్చేస్తుంది. లేని చోట దీన్ని చేసేస్తే మనుషులు ఎంత పరిగెత్తినా అందదు.

ఎనిమిదో అడుగు: సరిచూడటం

ఇప్పుడు వాచీ తీయొచ్చు. అప్పుడప్పుడు వచ్చేవి లేని ఒక్క పెట్టెకి మన లెక్క 68 సెకన్లు. పని బాగా వచ్చిన మనిషి చేత ఒక ఇరవై పెట్టెలు కట్టించి చూడండి. ఆమెకి 60 పడితే లెక్క తప్పినట్టు కాదు, ఆమె వేగం 113 శాతం. 80 పడితే మాత్రం మెల్లగా చేస్తోందనుకునే ముందు వీడియో చూడండి. చాలాసార్లు కాగితం మీద లేని కదలిక ఏదో బయటపడుతుంది: నెట్ చిరిగి రెండోది తీయడం, సీసా మూత మీద నూనె తుడవడం, అట్ట రెక్క వెనక్కి లేచి మళ్లీ నొక్కడం. తుడవడం నిజంగా అవసరమైతే పద్ధతిలో చేర్చి టైము ఇవ్వాలి. అవసరం లేకపోతే సీసా నింపే చోట సరిచేయాలి. అంకెని అటూ ఇటూ లాగి సరిపెట్టడం మాత్రం వద్దు.

కొత్తగా చేరినవాళ్లని ఈ టైముతో పోల్చకండి. ఇది పని అలవాటైన చేతికి కట్టినది.

తొమ్మిదో అడుగు: అంకెలోంచి లాభం తీయడం

మా దృష్టిలో ఇంత కష్టపడేది ఇందుకే. గంటకి 44 అన్న అంకె మేస్త్రీ కూడా దాదాపుగా చెప్పగలడు. ఆ 44 ఎక్కడ ఖర్చవుతోందో చెప్పగలిగేది ఈ కాగితమే. 1,891లో 1,164 సీసాల దగ్గరే, అంటే 60 శాతానికి పైగా. పన్నెండుసార్లు తిరిగే చోట ఒక్క టీఎంయూ తగ్గించినా పన్నెండు తగ్గుతాయి.

మొదట నెట్. కుప్పగా పోసే బదులు ఒక్కొక్కటే అంచు బయటికి వచ్చేలా పెట్టే చిన్న డబ్బా చేయిస్తే జీసీ30 కాస్తా జీబీ30 అవుతుంది, 23 నుంచి 14కి. తొమ్మిది మిగిలిందనుకుంటే పొరపాటు. అవతల ఎడమ చేయి సీసా కోసం 18 తీసుకుంటోంది, ఇప్పుడు అదే పెద్దది. మిగిలింది ఐదే. సీసాల ట్రేని కూడా 30 సెంటీమీటర్ల లోపుకి జరిపితే అటూ 14, ఇటూ 14. అప్పుడు తొమ్మిదీ మిగులుతాయి, పెట్టెకి 108. డబ్బా ఒక్కటే చేయించి లాభం రాలేదని మూలన పడేసిన చోట్ల జరిగింది ఇదే.

తర్వాత తొడగడం. నోరు కాస్త వెడల్పున్న నెట్ తెప్పించి, సవరింపులు ఒక్కదానికి దించగలిగితే పీసీ15 నుంచి పీబీ15, 26 నుంచి 15. పెట్టెకి 132. ఈ రెండు మార్పులతో 240 టీఎంయూ పోయి 1,651 మిగులుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి లెక్కేస్తే పెట్టెకి 1.19 నిమిషాలు, గంటకి 50. ఎవరి చేయీ వేగం పెంచలేదు.

1,651 అంటే 1,600 హద్దుకి దగ్గరకి వచ్చేశాం. ఇంకా తగ్గించాలంటే ఆ సీసా వరసని ఎంటీఎం-1తో మళ్లీ రాయడం మంచిది.

ప్యాలెట్‌ని ఎత్తైన స్టాండు మీద పెడితే వంగడం 61 పోతుంది. టైములో మూడు శాతమే, అందుకే చాలామంది పట్టించుకోరు. కానీ షిఫ్టుకి మూడు వందల పైచిలుకు సార్లు పది కిలోలతో వంగుతున్న నడుము అది. ఈ మార్పుని టీఎంయూ లెక్కతో తూచకండి, ముందే చేసేయండి.

చివరగా కొనుగోలు విభాగం వాళ్లకి చెప్పాల్సింది ఒకటుంది. అరల అట్ట సరఫరాదారు మారి, అర ఇరుకైతే సీసా పెట్టడం పీబీ30 నుంచి పీసీ30 అవుతుంది. సీసాకి 11, పెట్టెకి 132 టీఎంయూ, దాదాపు ఐదు సెకన్లు. మీరు నెట్ మార్చి సంపాదించినదంతా అక్కడ పోతుంది, లైన్లో మాత్రం ఎవరో మెల్లగా చేస్తున్నారన్న మాట వినిపిస్తుంది. అందుకే ప్రామాణిక టైము కాగితం మీద అర లోపలి కొలత, సీసా వ్యాసం, నెట్ నోటి వెడల్పు కూడా రాసి ఉంచండి. వాటిలో ఏది మారినా ఆ టైము రద్దు, విశ్లేషణ మళ్లీ చేయాలి.